గోరు దూరని గీత

గ్రాఫులో గుట్ట ఉండకూడదని జాయింట్ డైరెక్టరు పరంజ్యోతిగారు తీర్మానించిన రోజున తాతారావు ఆయన ఎదురుగానే ఉన్నాడు. ఉన్నా చేయగలిగింది ఏమీ లేదనుకోండి. తీరప్రాంత హెచ్చరికల శాఖలో అసిస్టెంటు ఇంజనీరు నోరు తెరిచేది టీ తాగడానికే.

ఆ శాఖకు ఉన్న పని చెప్పుకోడానికి చిన్నది. తుపాను వస్తోందంటే సముద్రం ఒడ్డున ఉన్న ప్రతి ఊరికీ వినబడేలా చెప్పాలి, అంతే. సెల్‌ఫోన్లున్న కాలంలో ఇదేం పని అని పట్నంలో వాళ్ళకు అనిపించవచ్చు. వేటకు వెళ్ళేవాళ్ళు తడిసిపోతుందని ఫోను ఇంట్లోనే పెట్టి వెళతారు. గాలి గట్టిగా వీచిందంటే ముందు మూగబోయేది సెల్ టవరే. అందుకని ప్రతి పల్లెలోనూ తుపాను షెల్టరు డాబా మీద ఒక పెద్ద రేకు గొట్టం ఉండేది. వెనక సన్నటి గొంతు, ముందు వెడల్పాటి నోరు. గొంతు దగ్గర బిగించిన స్పీకరు చిన్నదే అయినా, గొట్టం దాని మోతను పెంచి, అలల హోరు దాటించి, పడవల దాకా పంపేది.

సంకుపేటలో ఉన్న గొట్టం కూడా అలాంటిదే. తాతారావు పుట్టింది ఆ ఊళ్ళోనే. అక్క రాముడమ్మ, బావ పైడయ్య ఇప్పటికీ అక్కడే ఉన్నారు. పైడయ్య రోజూ సముద్రం మీదికి పోతాడు. ఆ గొట్టం పిలిస్తే తిరిగి వస్తాడు. తాతారావుకి శాఖ మీద ఉన్న భక్తంతా నిజానికి ఆ గొట్టం మీద భక్తే.

పరంజ్యోతిగారు రోడ్ల శాఖ నుంచి పదోన్నతి మీద వచ్చారు. రోడ్డు వేశాక దాని మీద పొడవాటి ఇనుప బద్ద పెట్టి, కింద ఎక్కడైనా సందు ఉందేమో వంగి చూస్తారు. సందు ఉంటే రోడ్డు బాగా లేదన్నమాట. ఉద్యోగ జీవితమంతా ఆయన వంగి చూసి తెలుసుకున్న సత్యం ఇదొక్కటే. ఒక్కటే ఉన్నప్పుడు దాన్ని అన్నిచోట్లా వాడుకోక ఏం చేస్తారు?

ఆయన వచ్చీ రాగానే, పాత గొట్టాలు శాస్త్రీయంగా లేవు కాబట్టి తీసేసి, వాటి స్థానంలో కొత్త చెక్క పెట్టెలు పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. పెట్టె లోపల గొట్టం మడతలు పడి ఉంటుంది. దాన్ని ముందుగా కంప్యూటరులో గీయాలి. గొంతు ఎంత, నోరు ఎంత, పొడవు ఎంత, స్పీకరుకి ఇచ్చే వోల్టులు ఎన్ని అని అంకెలు నింపితే, ఆ పెట్టె ఎలా మోగుతుందో సాఫ్ట్‌వేరు ఒక గీతగా చూపిస్తుంది. పెట్టె కట్టకముందే దాని మోత కళ్ళతో చూడవచ్చు. చెవులతో ఇక పని లేదని పరంజ్యోతిగారు దానికి అర్థం చెప్పుకున్నారు.

శిక్షణ విశాఖలో ఒక పెద్ద హోటల్లో జరిగింది. కన్సల్టెన్సీ వాళ్ళు పంపిన అమ్మాయి పాస్‌వర్డు ఎలా పెట్టాలో చెప్పింది, గీత రంగు ఎలా మార్చాలో చెప్పింది, ప్రింటు తీసేటప్పుడు శాఖ చిహ్నం కుడివైపు పై మూలన ఎలా వస్తుందో రెండుసార్లు చెప్పింది. గీత ఎందుకు అలా వంకర పోతుందని తాతారావు అడిగితే అది అడ్వాన్స్‌డ్ కోర్సులో వస్తుందంది. ఒక పెట్టె తెప్పించి మోగించి చూపిస్తే బాగుంటుందని కూడా అన్నాడు. గోల చేస్తే పక్క హాల్లో పెళ్ళివాళ్ళు ఊరుకోరని హోటలు మేనేజరు ఒప్పుకోలేదు. శబ్దం గురించిన శిక్షణ అంతటిలోనూ గట్టిగా వినబడింది టీ కప్పుల చప్పుడే.

తాతారావు పట్టువిడవలేదు. ఆఫీసులో అందరూ సర్టిఫికెట్టు గోడకు తగిలించుకుని తమ పనుల్లో పడితే, అతను మాత్రం ఆ సాఫ్ట్‌వేరు ముందు కూర్చున్నాడు. గొంతు కాస్త సన్నం చేస్తే గీత ఇలా లేచింది. నోరు వెడల్పు చేస్తే బొంగురు స్వరాలు కూడా బయటికొచ్చాయి. పొడవు తగ్గిస్తే గీత ఎడమవైపు కుప్పకూలింది. చిన్నప్పటినుంచీ చెవితో ఎరిగినదంతా ఇప్పుడు కంటికి కనబడుతోంది. అతనికి పట్టలేనంత సంతోషం కలిగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆఫీసు సామాను ఒకటి తనకి సంతోషం ఇవ్వడం అదే మొదలు.

ఒక ఆదివారం సంకుపేట వెళ్ళి, డాబా ఎక్కి, పాత గొట్టాన్ని టేపుతో కొలిచి తెచ్చాడు. ఆ కొలతలు నింపి చూస్తే గీత మధ్యలో పెద్ద గుట్ట వచ్చింది. మనిషి గొంతు చించుకుని పిలిచేటప్పుడు పలికే స్వరాలు సరిగ్గా అక్కడే ఉంటాయి. అలల హోరు ఎడమ పక్క బొంగురులో ఉండిపోతుంది, ఈ గుట్ట దాని పక్కనుంచి పైకి లేచి వెళ్ళిపోతుంది. ఊరికి వినబడేది ఈ గుట్టేనన్నమాట. తాతారావు ప్రింటు తీసి, చిహ్నం కుడివైపు పై మూలన వచ్చేలా చూసుకుని, కొత్త పెట్టెలకు నమూనాగా మర్నాడు పరంజ్యోతిగారి టేబులు మీద పెట్టాడు.

పరంజ్యోతిగారు సొరుగు లాగి చిన్న ఇనుప బద్ద తీశారు. గ్రాఫు మీద ఆనించారు. బద్దకీ గీతకీ మధ్య చూపుడు వేలు పెట్టి చూశారు. వేలు పట్టింది. ఆయన ముఖం నల్లబడింది.

"ఇదేమిటి?"

"గుట్ట సార్. సముద్రం మీదికి వినబడేది అదే."

"తాతారావుగారూ, ప్రభుత్వ గీతలో ఎగుడుదిగుళ్ళు ఉండరాదు. గుట్ట మీద ఉన్న స్వరానికి లబ్ధి, పల్లంలో ఉన్న స్వరానికి అన్యాయం. ఇది పక్షపాతం కిందికి వస్తుంది. ఆడిట్‌లో నన్ను అడుగుతారు."

ఆ వారమే సర్క్యులర్ వచ్చింది. ఇందుమూలంగా యావన్మంది ఇంజనీర్లకు తెలియజేయడమేమనగా, గ్రాఫుపై బద్ద ఆనించినప్పుడు దాని కింద గోరు సైతం దూరరాదు. దూరిన యెడల డిజైను తిరస్కరించబడును. గోరు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. టైపిస్టు గోళ్ళు పెంచుకుంటుంది కాబట్టి ఆవిడ గోరు ప్రమాణం కాదని, జాయింట్ డైరెక్టరుగారి కుడిచేతి బొటనవేలి గోరే ప్రమాణమని వివరణ సర్క్యులర్ వెంటనే వచ్చింది. ఆయన గోళ్ళు తీయించుకున్న మర్నాడు డిజైన్లు పట్టుకుని గది ముందు ఇంజనీర్లు బారులు తీరేవారు.

గుట్టను అణచడం తాతారావుకి కష్టమేమీ కాలేదు, మనసుకే కష్టమైంది. నోరు చిన్నది చేశాడు. గొట్టం లోపల దూది కూరినట్టు లెక్కలో చూపించాడు. గుట్ట అణిగినప్పుడల్లా గీత మొత్తం కిందికి దిగింది. గీత దిగినప్పుడల్లా ఒక పడవ పొడవు దూరం మేర వినికిడి పోయినట్టు అతనికి తెలుస్తూనే ఉంది. పరంజ్యోతిగారు మాత్రం ప్రతిసారీ మెచ్చుకున్నారు. పురోగతి కనబడుతోందని, ఇంకొంచెం దూది ప్రయత్నించమని సలహా ఇచ్చారు.

ఇంతలో సాఫ్ట్‌వేరు మోత గీతతో పాటు ఇచ్చే రెండో గ్రాఫు సంగతి బయటపడింది. ఆ సాఫ్ట్‌వేరుకి తెలుగు కరదీపిక ఒకటి అచ్చువేశారు. భౌతికశాస్త్రం పుస్తకాల్లో లాగే అందులో శబ్దతరంగం ముందువెనకలను చెప్పే ఫేజుని దశ అన్నారు. దశ గ్రాఫు రంపం పళ్ళలా ఉంటుంది. ఏ పెట్టెకైనా అంతే. సూపరింటెండెంటు అది చూసి హడలిపోయి, డిజైన్లన్నింటికీ దశ బాగులేదని ఫైలు మీద రాశాడు. పరంజ్యోతిగారు శాస్త్రాలను కొట్టిపారేసే మనిషి కాదు. సంతకం చేసి, తగు పరిహార చర్యల నిమిత్తం ఒక సిద్ధాంతిగారిని గౌరవ సలహాదారుగా నియమించారు. సిద్ధాంతిగారు సాఫ్ట్‌వేరు కొన్న తేదీ అడిగి, దానికి శని నడుస్తోందని తేల్చారు. అప్పటినుంచీ రాహుకాలంలో ఎవరూ గ్రాఫు నడపకూడదన్నారు. దశ మారలేదు గానీ, ఇంజనీర్లకు రోజూ గంటన్నర విశ్రాంతి దొరికింది.

అసలు వరం తాతారావు పక్క సీటులో కూర్చునే చక్రధర్‌కి దక్కింది. అతను శిక్షణలో రెండు రోజులూ భోజనాలకే వెళ్ళాడు. ఒక సాయంత్రం ఇంటికి వెళ్ళే తొందరలో కొలతలు నింపి, వోల్టులు నింపడం మరిచిపోయి ప్రింటు తీసి ఇచ్చేశాడు. మర్నాడు పరంజ్యోతిగారు దాని మీద బద్ద పెట్టారు. గోరు దూరలేదు. కాగితం ఎత్తి కిటికీ వెలుగులో పెట్టి చూశారు. వెలుగు కూడా దూరలేదు. ఆయన కళ్ళు చెమర్చాయని బంట్రోతు చెప్పుకున్నాడు.

ఆఫీసంతా లేచి చప్పట్లు కొట్టింది. తాతారావు కాగితం తీసుకుని చూశాడు. వోల్టుల దగ్గర సున్నా ఉంది. గీత గ్రాఫు అడుగున, అంచుని అంటుకుని పడుంది.

"సార్, ఇందులో కరెంటు పెట్టలేదు. మోగదు కాబట్టే గీత తిన్నగా ఉంది."

"మోగుతుందా లేదా అన్నది అమలు దశలో చూసుకునే విషయం. ఇది డిజైను దశ. దశలను కలపకండి."

చక్రధర్ అమాయకుడు కాదు గానీ, చప్పట్లు కొడుతుంటే కాదనే గుండె అతనికి లేదు. పైగా కరెంటు అక్కరలేని హెచ్చరిక పెట్టె అని పత్రికల్లో రావడంతో ఇంధన పొదుపు బహుమతి కూడా వచ్చింది. తీరమంతా ఆ డిజైనుతోనే పెట్టెలు కట్టించారు. చెక్క మంచిదే వాడారు. ఆ మాట ఒప్పుకోవాలి. చివర్లో ఎవరో కరెంటు తీగలు లాగబోతే శాఖ గట్టిగా అడ్డుపడింది. సున్నా వోల్టులకు ఆమోదం పొందిన పెట్టెకు వోల్టులివ్వడం డిజైను ఉల్లంఘన అవుతుందని జాయింట్ డైరెక్టరుగారు స్వయంగా రాశారు. కంట్రోల్ రూములో మీట నొక్కితే తెర మీద ప్రతి ఊరి పక్కనా సందేశం చేరినది అని ఆకుపచ్చగా వచ్చేలా ఏర్పాటు చేశారు. అది మాత్రం కరెంటుతోనే పనిచేసేది.

పాత గొట్టాలు తీయించే పని మొదలైంది. సంకుపేట వంతు దగ్గరపడుతుంటే తాతారావుకి కాలు నిలవలేదు. తీయకుండా ఉండాలంటే ఒకటే దారి. పాత గొట్టం కూడా బద్ద పరీక్ష నెగ్గాలి. అతను బాగా ఆలోచించి, మొదటిసారి శాఖ బుద్ధితో ఒక పని చేశాడు. గొట్టం కొలతలన్నీ నిజంగా నింపి, వోల్టుల దగ్గర సున్నా పెట్టాడు. గీత అడుగున పడుకుంది. పరంజ్యోతిగారు బద్ద పెట్టి, గోరు పెట్టి, ఆనందించి, సంకుపేట గొట్టాన్ని ఉన్నచోటే ఉంచవచ్చని ఉత్తర్వు ఇచ్చారు.

గెలిచాననుకున్నాడు తాతారావు. వారం తిరక్కుండా ఇద్దరు మనుషులు సంకుపేట వెళ్ళి గొట్టం వెనక తీగ కత్తిరించి వచ్చారు. సున్నా వోల్టుల గొట్టానికి తీగ ఎందుకట.

రాముడమ్మ ఫోను చేసింది. "ఒరే తాతా, గొట్టం ఉంచినారు గానీ దాని పీక కోసీసినారు. నువ్వేటి సేత్తన్నావురా అక్కడ?"

తాతారావు చూస్తానక్కా అన్నాడు. శాఖలో చూస్తానంటే ఏమిటో అక్కకి తెలియదు. తమ్ముడు చూస్తాడనే అనుకుని ఫోను పెట్టేసింది.

ఆ ఏడు కార్తీకంలో ఒక వాయుగుండం దూరంగా పోతున్నట్టే పోయి, ఉన్నట్టుండి దారి మార్చుకుంది. ఉదయం వాతావరణం వాళ్ళు భయం లేదన్నారు. పడవలన్నీ వెళ్ళిపోయాయి. మధ్యాహ్నానికి మాట మార్చారు. కంట్రోల్ రూములో మీట నొక్కారు. తెర మీద తీరమంతా ఆకుపచ్చగా వెలిగింది. పరంజ్యోతిగారు వెనక చేతులు కట్టుకుని, సందేశం సమానంగా చేరింది అని తృప్తిగా అన్నారు.

తాతారావు ఎవరికీ చెప్పకుండా ఆఫీసు జీపు తీసుకుని సంకుపేట వెళ్ళాడు. దారిలో కొబ్బరిచెట్లు అప్పుడే జుట్లు విరబోసుకుంటున్నాయి. జీపు బ్యాటరీ ఊడదీసి భుజాన వేసుకుని షెల్టరు డాబా ఎక్కాడు. తెగిన తీగలు పళ్ళతో ఒలిచి కలిపాడు. దూరంగా తెరచాపలు నలుసుల్లా కనిపిస్తున్నాయి. వాటిలో బావది ఏదో తెలియదు. గొట్టానికి ఉన్న పాత మైకు పట్టుకుంటే ఆఫీసు తెలుగు ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు.

"ఓ బావా! గాలి ఇటేపు తిరిగిపోనాది! వలలు కోసీండి, పడవలు తిప్పీండి! అక్కా, పిల్లల్ని తీసుకుని డాబా ఎక్కీయండి!"

గొట్టం ఊరి నెత్తిన విరుచుకుపడింది. గొంతు పోయేదాకా అదే మాట అరుస్తూనే ఉన్నాడు. గుట్ట అలల మీదుగా సాగిపోయింది. నలుసులు ఒక్కొక్కటే మొహం తిప్పాయి. చీకటి పడేలోగా సంకుపేట పడవలన్నీ ఒడ్డుకి చేరాయి, ఊరంతా షెల్టరులో చేరింది. పైడయ్య వచ్చి బామ్మర్ది పక్కన కూలబడి, అతని మోకాలు పట్టుకున్నాడు.

పక్క ఊళ్ళలో పడవలు పోయాయి. మనుషులు పోయారు. ఆ లెక్క రెవెన్యూ శాఖ చూసుకుంటుంది కాబట్టి హెచ్చరికల శాఖ దాని జోలికి పోలేదు.

పేపర్లో సంకుపేటను కాపాడిన గొట్టం అని వచ్చింది. దానితో విచారణ మొదలైంది. ధ్రువీకరించబడిన గొట్టానికి అనుమతి లేని వోల్టులు ప్రయోగించి గీతలో గుట్ట కలుగజేసినాడన్నది అభియోగం. రుజువైతే ఉద్యోగం పోతుంది. విచారణాధికారిగా పరంజ్యోతిగారే వచ్చారు. గుట్ట అంటే ఏమిటో తెలిసిన పెద్ద అధికారి శాఖలో ఆయనొక్కరే.

షెల్టరులో బల్ల వేసి ఊరివాళ్ళను ఒక్కొక్కరినే పిలిచారు. ఊరు ముందే కూడబలుక్కుంది. తాతారావు ఉద్యోగం పోకూడదు. వచ్చినవాళ్ళంతా తమకేమీ వినబడలేదన్నారు. పైడయ్య కూడా, సముద్రం మీద తనకి కునుకు పట్టిందని, మెలకువ వస్తే ఒడ్డున ఉన్నానని చెప్పి వేలిముద్ర వేశాడు. చివరికి రాముడమ్మ వచ్చింది.

"నాకేటీ ఇనబడనేదు బాబూ. ఆ గొట్టం పీక మీరే కదా కోయించినారు."

"మరి షెల్టరుకి ఎలా వచ్చారు?"

"గాలి కొడితే గొడ్డూ గోదా ఒస్తాయి. మేం రామేటి?"

రాముడమ్మ వేలిముద్ర వేసి తమ్ముడి వైపు గర్వంగా చూసింది. పరంజ్యోతిగారు ఎంతో ప్రసన్నంగా, గుమాస్తాకి ఒక్కో మాటా చెప్పి రాయించారు. సంకుపేట ప్రజలు హెచ్చరిక లేకనే స్వయంప్రేరణతో సురక్షిత స్థలమునకు చేరుదురని తేలినది. గొట్టము వినబడలేదనియు తేలినది. కావున అభియోగము కొట్టివేయడమైనది. కావుననే సదరు గొట్టము అనావశ్యక సామగ్రిగా పరిగణించి తొలగించవలెను.

షెల్టరులో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. తాతారావుకి అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుని లేచాడు.

"వినబడింది సార్. నేనే బ్యాటరీ కలిపాను, నేనే అరిచాను. ఊరంతా విన్నది. నా కోసం అబద్ధం చెబుతున్నారు. నా ఉద్యోగం తీసేయండి, గొట్టం ఉంచండి."

పరంజ్యోతిగారు ఫైలు తిరగేసి, తాతారావు చేత్తో తీసి ఇచ్చిన గ్రాఫు బయటికి లాగారు. సున్నా వోల్టుల గీత. ప్రింటు కింద తాతారావు సంతకం.

"ఈ గొట్టం మోగదని మీరే ధ్రువీకరించారు. మోగని గొట్టం మోగిందని మీరు అంటే నేను మిమ్మల్ని నమ్మాలా, మీ గ్రాఫును నమ్మాలా? అలసిపోయారు. పది రోజులు సెలవు తీసుకోండి."

అప్పటికి రాముడమ్మకి తెలిసింది. బల్ల దగ్గరికి వచ్చి, అబద్ధమాడాను బాబూ, ఇనబడింది, మా ఇంటాయన ఆ గొట్టం పిలిస్తేనే వచ్చాడు అని ఏడుస్తూ చెప్పింది. ఒకరి తరవాత ఒకరు ఊరంతా వినబడిందనే అంది. పరంజ్యోతిగారు ఓపిగ్గా విన్నారు. వేలిముద్ర పడిన వాంగ్మూలాన్ని మార్చే వీలు నిబంధనల్లో లేదని మర్యాదగానే చెప్పి, ఫైలుకి తాడు కట్టించి, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

నాలుగు రోజుల్లో లారీ వచ్చింది. గొట్టాన్ని తాళ్ళతో దించి, నోరు కిందికి బోర్లించి తీసుకుపోయారు. కొత్త చెక్క పెట్టె ఒకటి డాబా మీద పెట్టి, తీగ లేకుండా చక్కగా వార్నిషు వేశారు.

మర్నాడు పొద్దున్నే పైడయ్య పడవ నీళ్ళలోకి తోశాడు. పడవ మొదటి అల దాటింది. తాతారావు ఒడ్డున నిలబడ్డాడు. ఆకాశంలో దక్షిణం వైపు ఒక మబ్బు కనబడింది. మంచి మబ్బో కాదో తెలియలేదు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, తొందరగా వచ్చేయమని బావని కేకేశాడు. పైడయ్య వెనక్కి తిరిగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏమిటన్నట్టు చూశాడు. తాతారావు మళ్ళీ అరిచాడు. పైడయ్య తల అడ్డంగా ఊపి, నవ్వి, తెరచాప ఎత్తుకున్నాడు.